పదిహేను నిమిషాలు నడిచి ఆగిపోతున్న పాత సైడ్-బై-సైడ్ బండి: ఇంటి దగ్గర ఎక్కడ నుంచి వెతకాలి?

మెస్కీట్ తోట (టెక్సాస్) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆస్టిన్‌కు తూర్పున బాస్ట్రాప్ కౌంటీలో మాకు పదకొండు ఎకరాల భూమి ఉంది. కంచె గుంజలు మోయడానికి, మేకలకు నీళ్లూ దాణా చేరవేయడానికి, నరికిన మెస్కీట్ (ముళ్ల చెట్టు) కొమ్మలను ఒకచోట కుప్ప వేయడానికి 2022లో ఒక పాత సైడ్-బై-సైడ్ బండిని కొన్నాము. అది 2007 మోడల్. ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీటు, వెనుక ఎత్తి దించే తొట్టి, నీటితో చల్లబడే 617 సీసీ రెండు సిలిండర్ల ఇంజిను, కార్బురేటర్, బెల్టుతో నడిచే క్లచ్, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి. గంటల మీటరు ప్రస్తుతం 1,380 చూపిస్తున్నది.

ఉదయం చోక్ లాగి తాళం తిప్పితే రెండో ప్రయత్నానికే ఇంజిను అందుకుంటుంది. పన్నెండు, పదిహేను నిమిషాలు ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంది. ఆ తరువాత చెరువు గట్టు ఎక్కేటప్పుడు దమ్ము తగ్గి, రెండు మూడు సార్లు దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. ఆ సమయంలో ఎంత తిప్పినా అందుకోదు. ఇరవై నిమిషాలు నీడలో వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ బయలుదేరుతుంది. ఇంకొక సంగతి కూడా గమనించాను. ట్యాంకు నిండా పెట్రోలు పోసిన రోజున త్వరగా ఆగుతున్నది. సగం ఖాళీగా ఉన్న రోజున అరగంట కూడా నడిచింది. ఇది కాకతాళీయమే కావచ్చు, అయినా చెప్పడం మంచిదని రాస్తున్నాను.

ఇంతవరకు స్పార్క్ ప్లగ్గులు, గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు మార్చాను. ఆగిపోకుండా ఉంటుందేమోనని ఐడిల్ స్క్రూ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిను తిరిగే వేగాన్ని సరిచేసేది) కొంచెం బిగించి వేగం పెంచాను. దానివల్ల లాభం కనిపించలేదు. ఊళ్లో ఒక షాపువారిని అడిగితే మూడు వారాల తరువాత తీసుకురమ్మన్నారు. కార్బురేటరూ పంపూ రెండూ మార్చాలని, 1,100 డాలర్ల వరకు అవుతుందని బండిని చూడకుండానే చెప్పారు.

మా నాన్నగారు ఆరు నెలల కోసం మా దగ్గరకు వచ్చి ఉన్నారు. నల్గొండ జిల్లాలో ఇరవై ఏళ్లపాటు బావి మీద ఆయిల్ ఇంజిను నడిపిన మనిషి. "కరెంటు దోషమైతే ఉన్నట్టుండి టక్కున ఆగుతుంది, ఇది ఆకలితో సొమ్మసిల్లినట్టు ఆగుతున్నది, పెట్రోలు దారి చూడు" అని ఆయన అంటున్నారు. ప్లగ్గులకు స్పార్కు కరెంటు అందించే కాయిల్ వేడెక్కడం వల్ల ఇలా జరుగుతున్నదేమోనని నా అనుమానం. అనుభవం ఉన్నవారు దారి చూపించగలరు. దీనితో పాటు ఈ మధ్య ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన రబ్బరు వాసన వస్తున్నది, బ్రేకు పెడలు రెండు సార్లు తొక్కితే గాని పట్టడం లేదు. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం ఉన్నవో లేదో కూడా తెలియడం లేదు.

పానా పెట్టె (ఒహాయో) సమాధానం

మెస్కీట్ తోట గారూ, మీరు కాకతాళీయమని పక్కన పెట్టబోయిన మాటే ఈ ప్రశ్నలో అన్నిటికంటే విలువైనది. నిండు ట్యాంకుతో త్వరగా, సగం ట్యాంకుతో ఆలస్యంగా ఆగుతున్నదంటే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఎందుకో చెబుతాను. ట్యాంకులోంచి ఎంత పెట్రోలు బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలి. ఆ గాలి రాకపోతే లోపల ఒత్తిడి తగ్గుతుంది. ట్యాంకు నిండా పోసినప్పుడు పైన రెండు లీటర్ల గాలి మాత్రమే మిగిలిందని అనుకుందాం. పావుగంటలో అర లీటరు ఖర్చయితే ఆ కొద్ది గాలి రెండున్నర లీటర్ల చోటును నింపవలసి వస్తుంది, అంటే ఒత్తిడి ఐదో వంతు పడిపోతుంది. అదే పన్నెండు లీటర్ల ఖాళీ ఉన్నప్పుడు అర లీటరు తగ్గితే తేడా నాలుగు శాతం మాత్రమే. పెట్రోలు ఆవిరి ఆ లోటును కొంత పూడ్చుతుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, కానీ పోకడ మాత్రం ఇదే. మీ బండిలోని పంపు కరెంటుతో నడిచేది కాకుండా ఇంజిను లోపలి గాలి ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఊగే పలుచని పొరతో పనిచేసే రకమైతే, దాని లాగుడు శక్తి తక్కువ. ట్యాంకు వైపు నుంచి ఎదురు లాగుతుంటే అది నిలవలేదు. బండి ఆగాక ఇరవై నిమిషాల్లో ఏదో సన్నని సందు నుంచి గాలి చేరుకుంటుంది, బండి మళ్లీ నడుస్తుంది. మీ నాన్నగారు చెప్పిన పోలిక సరిగ్గా సరిపోయింది.

అయినా ఊహ మీద విడిభాగాలు కొనవద్దు. బండి ఆగిపోయిన ఆ ఇరవై నిమిషాలే మీకు దొరికే పరీక్షా సమయం. చల్లబడ్డాక షెడ్డులో ఎంత వెతికినా అన్నీ బాగానే కనిపిస్తాయి. కాబట్టి పనిముట్లు తొట్టిలో వేసుకుని బయలుదేరి, అది ఆగే చోటనే ఆగనివ్వండి. ఆగిన వెంటనే మొదట ట్యాంకు మూత నెమ్మదిగా తిప్పి చెవి పెట్టి వినండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, మూత వదులుగా ఉండగా ఇంజిను అందుకుంటే దోషం దొరికినట్టే.

శబ్దం రాకపోతే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెకు ఉండే చిన్న స్క్రూ విప్పి, పెట్రోలును గాజు సీసాలోకి పట్టండి. గిన్నె ఖాళీగా ఉంటే పెట్రోలు రావడం లేదని, నిండుగా ఉంటే వెతుకులాట కరెంటు వైపుకు మళ్లించాలని అర్థం. సీసాను వెలుతురుకు పట్టి చూడండి. అడుగున వేరుగా నీటి బొట్లు దొర్లుతున్నా, పెట్రోలు తేనె రంగుకు మారి పాత వార్నిషు వాసన వేస్తున్నా కార్బురేటర్ శుభ్రం చేయక తప్పదు. ఇక్కడి బంకుల్లో సాధారణంగా దొరికే పెట్రోలులో పది శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండిలో పెట్టకూడని ఇబ్బందులన్నీ పెడుతుంది.

కాయిల్ పరీక్ష ఆ తరువాత. పది డాలర్లకు స్పార్క్ టెస్టరు దొరుకుతుంది. ఒక్కొక్క సిలిండరుకు విడివిడిగా పెట్టి చూడండి. రెండు సిలిండర్ల ఇంజినులో ఒక కాయిల్ మాత్రమే వేడికి చచ్చిపోతే బండి పూర్తిగా ఆగదు. సగం బలంతో కుంటుతూ నడుస్తుంది. ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఇప్పుడే పెట్రోలు తీసిన చోట స్పార్కు పరీక్ష చేయవద్దు. సీసా మూత బిగించి దూరంగా పెట్టి, కారినదంతా తుడిచి, ఆరిన తరువాతనే ఆ పనికి దిగండి.

ఇంకొక మాట. ఇవేవీ చేయకముందే ఇంజిను ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పంపు లోపలి పొర చిరిగితే పెట్రోలు ఇంజిను లోపలికి దిగుతుంది. ఆయిల్ మట్టం గీత కంటే పైకి పెరిగి, పెట్రోలు వాసన వేస్తుంటే బండిని ఇక స్టార్ట్ చేయవద్దు. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు నిలవవు, ఆ ఆవిరికి నిప్పు ప్రమాదం కూడా ఉంది.

నది ఒడ్డు (జార్జియా) సమాధానం

ఇంత శ్రమ ఎందుకన్నది నా అభిప్రాయం. ఇలాంటి పాత బండ్లకు నకలు కార్బురేటర్లు ఇప్పుడు అరవై, డెబ్బై డాలర్లకే దొరుకుతున్నాయి. నేను గత ఏడాది ఒకటి తెప్పించి గంటన్నరలో బిగించుకున్నాను. శని ఆదివారాలు మాత్రమే తీరిక ఉన్నవారికి సమయం కూడా డబ్బే కదా.

పానా పెట్టె (ఒహాయో) సమాధానం

నది ఒడ్డు గారి మాటలో న్యాయం ఉంది, కానీ ట్యాంకుకు గాలి ఆడకపోతే ఎంత కొత్త కార్బురేటర్ పెట్టినా పదిహేను నిమిషాలకే ఆగుతుంది. పైగా పాత అసలు కార్బురేటర్ల లోహమూ జెట్ల (పెట్రోలు కొలతగా వదిలే సన్నని రంధ్రాల ముక్కల) కొలతలూ ఎక్కువ నమ్మదగినవని నా అనుభవం. లోపలి జెట్లు విప్పి, కార్బురేటర్ స్ప్రేతో నానబెట్టి, గాలి కొట్టి, కొత్త గాస్కెట్లు వేస్తే చాలావరకు అదే బాగవుతుంది. జెట్ రంధ్రంలో ఇనుప తీగ మాత్రం పెట్టవద్దు; వెంట్రుక వాసి పెద్దదైనా ఇంజిను ఎప్పటికీ ఎక్కువ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఎవరు ఏది ఎంచుకున్నా పాతదాన్ని పారవేయకుండా సంచిలో కట్టి దాచమని నా మనవి.

మెస్కీట్ తోట (టెక్సాస్) తిరిగి రాసినది

పానా పెట్టె గారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. శనివారం జరిగినదంతా వరుసగా రాస్తున్నాను, ఇలాంటి ఇబ్బందే ఉన్న మరొకరికి పనికి రావచ్చు.

మొదట డిప్‌స్టిక్ తీశాము. మట్టం పై గీత దాటి వేలి మందాన ఎక్కువగా ఉంది. నాన్నగారు రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది వాసన చూసి ఏమీ మాట్లాడకుండా నా చేతికి ఇచ్చారు. అది ఆయిల్ వాసన కాదు, పెట్రోలు బంకు వాసన. అంటే ఇన్ని వారాలుగా ఆ పలచని ఆయిల్‌తోనే నడిపాను. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటున్నది. ఆ రోజు ఇక స్టార్ట్ చేయలేదు.

పంపు తీసి నాలుగు స్క్రూలు విప్పగా లోపల నల్లని పలుచని పొర కనిపించింది. చూడడానికి బాగానే ఉంది. నాన్నగారు దానిని రెండు చేతులతో అంచుల దగ్గర పట్టి కొంచెం సాగదీసి, వెనుక నుంచి టార్చి వేయమన్నారు. స్క్రూ రంధ్రానికి దగ్గరలో గోరు గీసినట్టు ఒక సన్నని వెలుగు గీత మెరిసింది. ఆ చీలిక నుంచే పెట్రోలు ఇంజినులోకి దిగిందన్నమాట. కొత్త పంపు, ఆయిల్ ఫిల్టరు, ఆయిల్ తెప్పించి మంగళవారం సాయంత్రం మార్చాము. తీసిన పాత ఆయిల్‌ను సీసాల్లో నింపి, విడిభాగాల దుకాణంలో పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చి వచ్చాను.

బుధవారం బండి తీస్తే పద్నాలుగో నిమిషానికి మళ్లీ అదే చోట ఆగింది. నాకు నీరసం వచ్చిన మాట నిజం. అప్పుడు మూత తిప్పాను. సోడా సీసా తెరిచినట్టు, కానీ శబ్దం లోపలికి పోతున్నట్టు వినిపించింది. తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది.

ట్యాంకు నుంచి గాలి గొట్టం సీటు వెనుకగా పైకి వెళ్లి ఛాసిస్ పైపు పక్కన తలకిందులుగా వంగి ముగుస్తుంది. ఆ కొసను వేలితో తడిమితే లోపల గట్టిగా తగిలింది. గొట్టాన్ని ట్యాంకు వైపు విప్పదీసి, సన్నని తీగతో మెల్లగా గుచ్చితే ఎండిన మట్టి ముద్ద పొడిపొడిగా రాలింది. ఆ మట్టిలో కాళ్లు ముడుచుకున్న చిన్న సాలెపురుగులు నాలుగు ఉన్నాయి. మట్టిగూడు కట్టే కందిరీగ తన పిల్లలకు ఆహారంగా వాటిని పెట్టి మూసిందని అర్థమైంది. మా షెడ్డు దూలాల నిండా ఆ గూళ్లే ఉంటాయి, అయినా పెట్రోలు వాసన వేసే గొట్టంలోకి కూడా వెళుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు కొత్త గొట్టం వేసి, కొసకు సన్నని ఇత్తడి జాలీ కట్టాను. గాలి ధారాళంగా ఆడుతున్నదో లేదో ఊది చూసుకున్న తరువాతే ట్యాంకుకు తగిలించాను. నిన్న గంటన్నర తిరిగాము, ఒక్కసారి కూడా ఆగలేదు.

రెండు దోషాలు ఒకేసారి ఉండడం వల్ల పంపు మార్చిన తరువాత కూడా ఆగింది కాబట్టి, అక్కడితో వదిలేసి ఉంటే పంపు అనవసరంగా కొన్నానని అనుకునేవాడిని. ఇక మిగిలినవి కాలిన వాసన, బ్రేకు పెడలు.

ఓజార్క్ ఆవులు (మిస్సోరి) సమాధానం

అన్నగారూ, నమస్కారం. మాకు ఇక్కడ ముప్పై ఆవులు ఉన్నాయి. మా వారు ఆసుపత్రి ఉద్యోగంలో ఉంటారు కాబట్టి పొలం బండ్ల పని అంతా నాదే. మీ కాలిన వాసన సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే దాని కారణం మీరు మొదటి ప్రశ్నలోనే రాశారు. ఆగిపోకుండా ఉండాలని ఐడిల్ వేగం పెంచానన్నారు కదా, బెల్టును కాల్చినది అదే అయి ఉండాలి.

ఈ బండ్లలో క్లచ్ పెడలు ఉండదు. ఇంజిను మీద ఒక కప్పీ, గేరు పెట్టె మీద ఒక కప్పీ, రెంటి మధ్య బెల్టు. ఇంజిను వేగం పెరిగినప్పుడు ముందు కప్పీ చెంపలు దగ్గరకు వచ్చి బెల్టును పట్టుకుంటాయి. ఐడిల్‌లో అవి బెల్టును పూర్తిగా వదిలేయాలి. మీరు ఐడిల్ పెంచడంతో నిలబడి ఉన్నప్పుడు కూడా చెంపలు బెల్టును సగం సగం పట్టి రాపాడుతున్నాయి. ఆ రాపిడికి బెల్టు వేడెక్కి, ఒకే చోట అరుగుతుంది. గేరు మార్చేటప్పుడు కటకటమని శబ్దం వస్తున్నదా? అది కూడా ఇదే దోషానికి గుర్తు. ఇప్పుడు ఆగిపోయే జబ్బు నయమైంది కాబట్టి ముందుగా ఆ స్క్రూను సర్వీసు పుస్తకంలో చెప్పిన వేగానికి తిరిగి దించండి.

తరువాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, తొట్టి పైకెత్తి, దాని ఊతకర్రను తప్పకుండా నిలబెట్టి, బెల్టు మూత తెరవండి. ఊతకర్ర పెట్టకుండా ఎత్తిన తొట్టి కింద తల పెట్టవద్దని మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు, మీకూ చెబుతున్నాను. మూత లోపల నల్లని పొడి కొంచెం ఉండడం మామూలే. దోసిలి నిండా ఉంటే బెల్టు అరిగిపోతున్నట్టు. బెల్టును చేత్తో తిప్పుతూ మొత్తం చుట్టూ చూడండి. పక్క అంచులు అద్దంలా మెరుస్తుంటే జారి జారి గట్టిపడిందని అర్థం. ఒకచోట మాత్రమే లోపలికి అరిగి గుంట పడితే, బండి కదలకుండా ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కి పట్టిన మచ్చ అది. పళ్ల మొదట్లో చీలికలు ఉన్నా, నారలు వేలాడుతున్నా ఇక ఆలోచించకుండా మార్చండి. బాగానే ఉందనిపిస్తే వెర్నియర్ కాలిపర్‌తో మూడు నాలుగు చోట్ల వెడల్పు కొలిచి, పుస్తకంలో ఇచ్చిన కనీస కొలతతో పోల్చండి. కంటి అంచనాను నమ్మవద్దు, రెండు మిల్లీమీటర్ల అరుగుదల కంటికి ఆనదు.

కప్పీ చెంపలను అసిటోన్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, మెరుపు తేలిన చోట గరుకు పీచుతో తేలికగా రుద్దండి. ఆ చెంపల మీద గ్రీజు గానీ, నూనె చేతుల ముద్రలు గానీ పడకూడదు. కొత్త బెల్టు మీద బాణం గుర్తు ఉంటే తిరిగే దిశకు సరిచూసుకోండి. బాణం లేకపోతే దాని మీది అక్షరాలు ఏ వైపు నుంచి చదువుకోవచ్చో పాతది తీయకముందే ఫొటో తీసుకోండి. బిగించిన తరువాత మొదటి ముప్పై, నలభై కిలోమీటర్లు బరువు లాగకుండా, పూర్తి వేగం తొక్కకుండా నడిపితే బెల్టు కప్పీలకు అమరుకుంటుంది.

బెల్టు పెట్టెకు గాలి తెచ్చే గొట్టాన్ని కూడా విప్పి చూడండి. మా బండిలో ఒక చలికాలం ఎలుక అందులో సీటు దూది, పశువుల మేత గింజలు కుక్కి గూడు కట్టింది. గాలి ఆడక ఆ బెల్టు ఆరు నెలలు కూడా రాలేదు. ఇక ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు ఉన్నప్పుడు, మేకల మధ్య నిదానంగా పోయేటప్పుడు తక్కువ గేరు శ్రేణి వేయండి. ఎక్కువ శ్రేణిలో నిదానంగా పోవడమే ఈ బెల్టులకు అతి పెద్ద శత్రువు. తక్కువ శ్రేణిలో ఇంజిను గట్టిగా అరుస్తున్నట్టు అనిపించినా దాని మీద జాలి పడవద్దు.

ఖమ్మం పెద్దాయన (ప్రస్తుతం నార్త్ కరోలినా) సమాధానం

బాబూ, మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను. నేను ముప్పై రెండేళ్లు బస్సుల వర్క్‌షాపులో బ్రేకుల పని చేసి విశ్రాంతి తీసుకున్నాను. ఇంజిను ఆగితే బండి నిలబడుతుంది, అంతే. బ్రేకు పట్టకపోతే చెరువు గట్టు మీద ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నన్ను అడిగితే మీరు ఈ పని మొదట చేయవలసింది. ఇప్పటికైనా బ్రేకు బాగయ్యేంతవరకు బండిని ఎత్తు మీదికి తీసుకుపోవద్దు.

పెడలు ఎలా ప్రవర్తిస్తున్నదో పాదమే చెబుతుంది. మొదటి తొక్కుడుకు కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగి రాయిలా గట్టిగా ఉంటే, డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకునే బ్రేకు షూలు అరిగి దానికి దూరమయ్యాయి. రెండోసారి కూడా స్పంజిలా మెత్తగా ఉంటే పైపులో గాలి ఉంది. గట్టిగా తొక్కి అలాగే పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నది, లేదా పెడలు తొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది. ఈ మూడింటిలో ఏదో తేల్చుకున్న తరువాతే పానా పట్టుకోండి.

చక్రం విప్పేముందు బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, మిగిలిన చక్రాలకు అడ్డు కట్టెలు వేసి, జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. డ్రమ్ము విప్పాక లోపలి దుమ్మును గాలితో ఊదవద్దు. పాత లైనింగుల్లో (షూల మీది రాపిడి పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు పోతే ప్రాణానికి ముప్పు. బ్రేకులు శుభ్రం చేసే ద్రవంతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయండి. మా కాలంలో ఈ సంగతి మాకు చెప్పేవారు లేక ఆ దుమ్ములోనే భోజనం డబ్బాలు తెరిచాము.

చక్రం దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచును వేలితో కొంచెం ఎత్తి చూడండి. లోపల తడి తగిలితే సిలిండర్ మార్చండి, సర్దుబాటుతో ఆగదు. లైనింగు మీద ద్రవమో గ్రీజో ఇంకి ఉంటే దాన్ని కడిగి వాడుదామని చూడవద్దు, ఆ ఇరుసుకు రెండు వైపులా జతగా మార్చండి. ఒకవైపే కొత్తది వేస్తే బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది. డ్రమ్ము లోపలి వ్యాసం ఎంతవరకు పెరగవచ్చో చాలా డ్రమ్ముల మీదనే పోత పోసి ఉంటుంది. రబ్బరు భాగాలను పెట్రోలుతో గానీ డీజిలుతో గానీ కడగవద్దు, ఉబ్బి పాడవుతాయి.

బ్రేకు ద్రవం విషయంలో, బండిలో దాన్ని పోసే సీసా మూత మీద రాసిన రకమే వాడండి. సీలు తీసి చాలా రోజులైన డబ్బాను వాడవద్దు, అది గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరకు రండి. మీ బండి పుస్తకం వేరే వరుస చెబితే దాన్నే పాటించండి. వీల్ సిలిండరుకు ఉండే గాలి వదిలే నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, కొసను ద్రవం ఉన్న సీసాలో ముంచి, మీ నాన్నగారిని పెడలు మీద కూర్చోబెట్టండి. ఆయన తొక్కి పట్టినప్పుడు మీరు నిపుల్ తెరవాలి, మీరు మూసిన తరువాతే ఆయన పాదం ఎత్తాలి. ఒకరు "తొక్కాను" అనాలి, ఇంకొకరు "మూశాను" అనాలి. ఆ మాట పలకకపోవడం వల్లే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మధ్య మధ్యలో పై సీసాలో ద్రవం అడుగంటకుండా చూడండి. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

చక్రాలు విప్పినప్పుడే ఇరుసు కీళ్లకు ఉండే రబ్బరు బూట్ల (తొడుగుల) మడతలు విప్పి చూడండి. మెస్కీట్ ముల్లు గుచ్చుకుని చిన్న చిల్లు పడినా గ్రీజు బయటికి చిమ్మి, ఇసుక లోపలికి చేరి, కీలు మొత్తం పోతుంది. బూటు మార్చడం ఒక పూట పని. కీలు పోతే ఇరుసే మార్చాలి.

మెస్కీట్ తోట (టెక్సాస్) తిరిగి రాసినది

పెద్దాయన గారికి, ఓజార్క్ ఆవులు చెల్లెమ్మకు నమస్కారాలు. ఐడిల్ స్క్రూ దించాను. చెల్లెమ్మ అన్నట్టు గేరు మార్చేటప్పుడు వచ్చే కటకట శబ్దం అప్పటికప్పుడే పోయింది. బెల్టు అంచులు మెరుస్తున్నాయి, వెడల్పు కనీస కొలత కంటే ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువగా తేలింది. కొత్తది వేసి, పాతదాన్ని పారవేశాను. గాలి గొట్టంలో ఎలుక గూడు లేదు కానీ నాలుగు మెస్కీట్ కాయలు ఉన్నాయి. ఎలుక రాకపోకలు మొదలయ్యాయన్నమాట, అక్కడ కూడా జాలీ వేశాను.

బ్రేకులు నిన్న సాయంత్రం పూర్తయ్యాయి. రెండో తొక్కుడుకు పెడలు గట్టిపడింది కాబట్టి షూల దోషమని అనుకున్నాను, అది నిజమే. అయితే వెనుక ఎడమ చక్రం సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తగానే వేలు తడిసింది. పెద్దాయన చెప్పకపోతే షూలు మాత్రమే మార్చి మూసేసేవాడిని. వెనుక రెండు వైపులా షూలూ సిలిండర్లూ మార్చి, నాలుగు చక్రాల బ్రేకు పైపుల్లోంచీ గాలి తీశాము. నాన్నగారు పెడలు మీద కూర్చుని "తొక్కాను" అని అరిచిన ప్రతిసారీ షెడ్డు వెనుక మేకలు తలలెత్తి చూశాయి. ఇప్పుడు పెడలు మొదటి తొక్కుడుకే పట్టుకుంటున్నది. చదును నేల మీద నాలుగు సార్లు ఆపి చూశాను, బండి ఏ పక్కకూ లాగడం లేదు.

విడిభాగాలన్నిటికీ కలిపి 318 డాలర్లు అయ్యాయి. సీటు అడుగున తెల్ల పెయింటు పెన్నుతో నాన్నగారు తమ చేతిరాతతో తేదీలు వేశారు: పంపు, ఆయిల్ 1,381 గంటల దగ్గర, బెల్టు, బ్రేకులు 1,384 దగ్గర. పదిహేను గంటలు నడిచాక ఆయిల్ మళ్లీ ఒకసారి మార్చి, అందులో పెట్రోలు వాసన ఉన్నదో లేదో చూసి ఇక్కడ రాస్తాను.